తెనాలి పచ్చడి హైదరాబాద్ వెళ్తే జీఎస్టీ తప్పదా?

చిన్న వ్యాపారం: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: ఇంట్లోనే ఆవకాయ, గోంగూర పచ్చడి, కందిపొడి, కరివేపాకు కారం చేసి వాట్సాప్‌లో ఆర్డర్లు తీసుకుని అమ్ముతున్నాను. నెలకు 70 వేల దాకా అమ్మకం ఉంటోంది. సగం పార్సిళ్ళు హైదరాబాద్‌కే వెళ్తాయి. అన్ని రిజిస్ట్రేషన్లూ కలిపి చేయిస్తానని ఒక ఏజెంటు 12 వేలు అడిగాడు. వీటిలో నిజంగా అవసరమైనవి ఏవి? ఏది ముందు చేయాలి? ఇల్లు, కరెంటు మీటరు మా అత్తగారి పేరు మీద ఉన్నాయి.
– పాఠకురాలు, తెనాలి

జవాబు: మీరొక్కరే నడుపుతున్నారు కనుక మీది ప్రొప్రైటరీ వ్యాపారం. దీనికి కంపెనీలాగా విడిగా పుట్టుక రిజిస్ట్రేషన్ ఏమీ ఉండదు. మీ పాన్ కార్డే వ్యాపారానికీ పాన్. ఆ మీద తీసుకునే కాగితాలన్నీ దాన్ని పట్టుకునే వస్తాయి.

అందుకే ఏ పోర్టల్ తెరవక ముందే మీ ఆధార్, పాన్, బ్యాంకు పాసుపుస్తకం మూడూ పక్కపక్కన పెట్టుకుని పేరు అక్షరం అక్షరం చూడండి. మన వాళ్ళ దరఖాస్తులు ఎక్కువగా ఆగిపోయేది ఇంటిపేరు దగ్గరే. ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరం, పాన్‌లో పుట్టింటి పేరు పూర్తిగా, పాసుపుస్తకంలో అత్తింటి పేరు. ఇలా ఉంటే చిన్న పరిశ్రమల రిజిస్ట్రేషన్ అయిన ఉద్యమ్‌లో మొదటి పేజీలోనే పేరు సరిపోలడం లేదని వస్తుంది. ముందు పాన్‌నీ ఆధార్‌నీ ఒకే తీరుకి తెచ్చుకోండి. రెండూ లింక్ అయ్యాయో లేదో, ఇప్పుడు వాడుతున్న మొబైల్ నంబరే ఆధార్‌కి ఉందో లేదో కూడా చూసుకోండి. ఓటీపీ పాత నంబరుకు వెళ్తే పని అక్కడే ఆగుతుంది.

పేర్లు సరిపోయాక మొదటిది ఉద్యమ్ రిజిస్ట్రేషన్. 2020 జులై 1 నుంచి ఉన్న ఈ పద్ధతిలో ప్రభుత్వ పోర్టల్‌లో ఒక్క రూపాయి కూడా కట్టనక్కర్లేదు. కాగితాలు అప్‌లోడ్ చేసే పని లేదు, రెన్యువల్ లేదు. అచ్చం ప్రభుత్వ సైటులాగే కనిపించే ప్రైవేటు సైట్లు వెతుకులాటలో పైన వస్తాయి, ఫీజు అడుగుతాయి. చిరునామా చివర 'గవ్ డాట్ ఇన్' ఉంటేనే ముందుకు వెళ్ళండి. ఫారంలో జాగ్రత్తగా నింపాల్సినవి రెండు. వ్యాపారం రకం దగ్గర 'తయారీ' ఎంచుకోవాలి, 'ట్రేడింగ్' కాదు. కోడ్‌ల జాబితాలో పచ్చళ్ళ తయారీకీ, మసాలా పొడుల తయారీకీ విడివిడిగా ఉన్నాయి, రెండూ కలుపుకోండి. ఒక మనిషికి ఒకే ఉద్యమ్ కాబట్టి రేపు ఇంకేదైనా మొదలుపెట్టినా ఇందులోనే చేర్చాలి. 2025 ఏప్రిల్ నుంచి పెట్టుబడి రెండున్నర కోట్లు, టర్నోవర్ 10 కోట్లు దాటనివన్నీ సూక్ష్మ సంస్థలే. మీరు ఆ గీతకు చాలా ఇవతల ఉన్నారు.

రెండోది ఆహార భద్రత రిజిస్ట్రేషన్. తినే వస్తువు డబ్బు తీసుకుని అమ్మితే వంటగది ఇంట్లో ఉన్నా, షెడ్డులో ఉన్నా ఇది తప్పనిసరి. నెలకు 70 వేలంటే ఏడాదికి 8 లక్షల 40 వేలు. ఈ స్థాయికి లైసెన్సు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ చాలు. ఆహార భద్రత రిజిస్ట్రేషన్లు చేసే ఫాస్కాస్ పోర్టల్‌లో ఫారం-ఏ, ఫోటో, గుర్తింపు కార్డు, ఏడాదికి 100 రూపాయల చొప్పున ఫీజు. ఏజెంట్లు కొందరు 'లైసెన్సు' పేరు చెప్పి వేలల్లో ఫీజు చూపించేది ఇక్కడే. అధికారి 7 రోజుల్లోగా ఇవ్వడమో, కారణం చెప్పి తిరస్కరించడమో, తనిఖీకి నోటీసు పంపడమో చేయాలని నిబంధన. తనిఖీకి వస్తే వాళ్ళు చూసేవి నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయి, కిటికీలకు జాలీ ఉందా, ముడి సరుకు నేల మీద కాకుండా బల్ల మీద ఉందా, తయారైన సరుకును విడిగా పెడుతున్నారా అన్నవి. చికెన్, రొయ్యల పచ్చడి కూడా చేసే ఆలోచన ఉంటే దరఖాస్తులోనే రాయండి. వాటి వర్గం వేరు, లేబుల్ మీద గుర్తు వేరు.

ఈ రెండు కాగితాలూ చేతికి వచ్చాక బ్యాంకుకు వెళ్ళండి. వ్యాపారం పేరు మీద బ్యాంకులో 'కరెంట్ అకౌంటు' తెరవడానికి మామూలుగా ఆ పేరు, చిరునామా ఉన్న రెండు ఆధారాలు అడుగుతారు. ఉద్యమ్, ఆహార భద్రత రిజిస్ట్రేషన్ రెండూ ఆ జాబితాలోనివే. జీఎస్టీ నంబరు లేనిదే ఖాతా ఇవ్వమని కౌంటర్‌లో అంటే, మేనేజర్‌ను కలిసి ఈ రెండూ చూపించండి. రెంటి మీదా వ్యాపారం పేరూ ఇంటి నంబరూ ఒకే తీరుగా ఉండడం ముఖ్యం.

ఇక మీ అసలు ప్రశ్న జీఎస్టీ. ఆంధ్రప్రదేశ్‌లో కేవలం వస్తువులు అమ్మేవాళ్ళకు ఏడాది టర్నోవర్ 40 లక్షలు దాటే దాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కానీ ఈ వెసులుబాటు రాష్ట్రం లోపల అమ్మేవాళ్ళకే. పన్ను ఉన్న వస్తువును పక్క రాష్ట్రానికి ఒక్క సీసా పంపినా, జీఎస్టీ చట్టం 24వ సెక్షన్ ప్రకారం టర్నోవర్‌తో నిమిత్తం లేకుండా రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. తెనాలి నుంచి అనంతపురం వెళ్ళిన పార్సిల్ రాష్ట్రం లోపలి అమ్మకం, అంతకంటే దగ్గరున్న ఖమ్మం వెళ్ళింది అంతర్రాష్ట్ర అమ్మకం. హైదరాబాద్ నుంచి వచ్చిన మనిషి మీ గుమ్మంలో కొనుక్కుని చేతిసంచిలో పట్టుకెళితే అది ఇక్కడి అమ్మకమే. అదే సరుకు మీరు కొరియర్‌లో పంపితే లెక్క మారిపోతుంది. చెక్క బొమ్మల వంటి, జాబితాలో ఉన్న హస్తకళా వస్తువులకు ఇందులో మినహాయింపు ఉంది. పచ్చళ్ళకు లేదు. సగం సరుకు హైదరాబాద్ వెళ్తోంది కనుక మీరు రిజిస్ట్రేషన్ తీసుకోవలసిందే. ఇది మీకు భారంగా అనిపిస్తుందని తెలుసు. రెండు రాష్ట్రాల మధ్య అమ్ముకునే ఇంటి వ్యాపారాలకు ఈ నిబంధన సడలించాలన్నది మా అభిప్రాయం కూడా. కానీ ఉన్న చట్టం ఇది.

రిజిస్ట్రేషన్‌కు ప్రభుత్వ ఫీజు లేదు. నెలకు మీ పన్ను బాధ్యత రెండున్నర లక్షల లోపే ఉంటుంది కనుక, 2025 నవంబరు నుంచి వచ్చిన సులభ పద్ధతి ఎంచుకుంటే ఆధార్ ధ్రువీకరణ అయ్యాక మూడు పనిదినాల్లో నంబరు రావాలి. మీ విషయంలో దరఖాస్తు ఎక్కడైనా ఆగితే చిరునామా దగ్గరే ఆగుతుంది. ఇల్లు అత్తగారిది కాబట్టి అద్దె ఒప్పందం అక్కర్లేదు. 'నా ఇంట్లో మా కోడలు వ్యాపారం చేసుకోవడానికి సమ్మతమే' అని ఆవిడ సంతకంతో సమ్మతి పత్రం, దానికి ఆవిడ పేరున ఉన్న తాజా కరెంటు బిల్లు గానీ ఇంటి పన్ను రసీదు గానీ జతచేయండి. చాలా ఊళ్ళలో కరెంటు బిల్లు మీద పాత డోర్ నంబరు, పన్ను రసీదు మీద కొత్త నంబరు ఉంటాయి. దరఖాస్తులో ఏ నంబరు రాస్తున్నారో ఆ నంబరున్న కాగితమే పెట్టండి. తేడా ఉంటే అధికారి ఫారం రెగ్-03లో వివరణ అడుగుతారు. 7 పనిదినాల్లో రెగ్-04లో జవాబు ఇవ్వకపోతే దరఖాస్తు తిరస్కరిస్తారు. ఈ నోటీసు ఈమెయిల్‌కు వస్తుంది. ఏజెంటు తన ఈమెయిల్, తన ఫోన్ నంబరు ఇచ్చేస్తే మీకు తెలిసేసరికి గడువు అయిపోతుంది. ఎవరితో చేయించినా మీ ఈమెయిల్, మీ నంబరే ఇవ్వండి.

చిన్న వ్యాపారులకు ఉన్న కాంపొజిషన్ పథకంలో టర్నోవర్ మీద ఒక శాతం కడితే చాలని ఎవరైనా చెబితే అది మీకు వర్తించదు. అందులో ఉన్నవాళ్ళు పక్క రాష్ట్రానికి సరుకు పంపకూడదు. మీరు మామూలు పద్ధతిలో ఉండి, మూడు నెలలకోసారి రిటర్ను వేసే వీలు ఎంచుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి పచ్చళ్ళ మీద పన్ను 12 నుంచి 5 శాతానికి తగ్గింది. సీసాల మీద, కొరియర్ మీద మీరు కట్టే 18 శాతాన్ని ఇందులో తగ్గించుకోవచ్చు కాబట్టి ఆ బిల్లులు మీ జీఎస్టీ నంబరుతో తీసుకోండి. నంబరు వచ్చిన 30 రోజుల్లోగా, మొదటి జీఎస్టీఆర్-1 (అమ్మకాల రిటర్ను) వేయక ముందే, బ్యాంకు ఖాతా వివరాలు పోర్టల్‌లో ఎక్కించడం మరవకండి. అది చేయక నంబరు సస్పెండ్ అయినవాళ్ళు చాలామంది ఉన్నారు.

లేబుల్ గురించి మీరు అడగలేదు గానీ, జరిమానాలు ఎక్కువగా పడేది దాని మీదే. సీసా మీద పచ్చడి పేరు, బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకు వరసగా పదార్థాలు, పోషక వివరాలు, ఆకుపచ్చ చతురస్రంలో ఆకుపచ్చ చుక్క, 14 అంకెల ఆహార భద్రత నంబరు, బ్యాచ్ నంబరు, తయారైన తేదీ, వాడవలసిన గడువు, మీ పూర్తి చిరునామా, ఫిర్యాదుకు ఫోన్, ఈమెయిల్ ఉండాలి. తూనికలు కొలతల నిబంధనల ప్రకారం నికర బరువు, అన్ని పన్నులతో కలిపి ఎమ్మార్పీ, యూనిట్ ధర కూడా వేయాలి. 250 గ్రాముల సీసా 150 రూపాయలైతే 'గ్రాముకు 0.60 రూపాయలు' అని రాయాలన్నమాట. బరువు సీసా తీసేసి చూడాలి. ఖాళీ సీసాను కాటా మీద పెట్టి సున్నా చేసుకున్నాకే నింపండి. ఎలక్ట్రానిక్ కాటాకు ఏటా ముద్ర వేయించాలి. ప్యాకింగ్ మొదలుపెట్టిన 90 రోజుల్లోగా తూనికలు కొలతల శాఖలో ప్యాకర్‌గా రిజిస్టర్ చేసుకోవాలి, ఫీజు 500.

మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్సు ఇంటి వంటగదికి ఎంత పడుతుందో మీ మున్సిపల్ ఆఫీసులోనే అడగండి. బ్రాండ్ పేరు ట్రేడ్‌మార్క్ చేయించాలంటే వ్యక్తులకూ ఉద్యమ్ ఉన్న చిన్న సంస్థలకూ ఆన్‌లైన్‌లో ఒక్కో తరగతికి 4,500. పచ్చళ్ళు 29వ తరగతి, పొడులు 30. డబ్బు కాస్త నిలదొక్కుకున్నాక అది చేయవచ్చు. ట్రేడ్ లైసెన్సు, కాటా ముద్ర, ట్రేడ్‌మార్క్ పక్కన పెడితే మీరు ప్రభుత్వానికి కట్టేది 600 రూపాయలు. మిగతాదంతా ఏజెంటు కూలి. పని చేసి పెట్టినందుకు కూలి ఇవ్వడం తప్పు కాదు, ఎంత ఇవ్వాలో ఇది చూసి బేరమాడుకోండి.

ప్రశ్న: అద్దె మడిగెలో టైలరింగ్, మగ్గం వర్క్ షాపు పెడుతున్నాను. ఇద్దరు పనివాళ్ళు ఉంటారు. 40 లక్షల దాకా జీఎస్టీ లేదని విజయవాడలో ఉన్న మా అక్క అంటోంది. నిజమేనా? మడిగె ఓనరు కరెంటు బిల్లు ఇవ్వనంటున్నాడు.
– పాఠకురాలు, హనుమకొండ

జవాబు: మీ అక్కయ్య చెప్పింది ఆంధ్రాలో, అదీ కేవలం వస్తువులు అమ్మేవాళ్ళకు నిజం. తెలంగాణ ఆ 40 లక్షల పరిమితిని తీసుకోలేదు. ఇక్కడ వస్తువులకైనా 20 లక్షలే. పైగా కస్టమర్ తెచ్చిన బట్ట కుట్టి ఇవ్వడం సేవ కిందికి వస్తుంది, సేవలకు రెండు రాష్ట్రాల్లోనూ 20 లక్షలే. ఆ లోపు ఉన్నన్నాళ్ళూ మీకు జీఎస్టీ అక్కర్లేదు. సేవలైతే పక్క రాష్ట్రం కస్టమర్ ఉన్నా ఫరవాలేదు. కానీ మీరే బట్ట కొని కుట్టిన బ్లౌజు విజయవాడకు పంపితే అది వస్తువు అమ్మకమవుతుంది, పైన తెనాలి పాఠకురాలికి చెప్పిందే మీకూ వర్తిస్తుంది.

మీకు ముందు కావలసింది కార్మిక శాఖలో దుకాణాల రిజిస్ట్రేషన్. తెరిచిన 30 రోజుల్లోగా దరఖాస్తు చేయాలి. దాంతోపాటు కార్పొరేషన్ ట్రేడ్ లైసెన్సు. పనివాళ్ళ జీతం నెలకు 15 వేలు దాటితే 20 వేల దాకా 150, ఆపైన 200 రూపాయలు వృత్తి పన్ను కోసి కట్టాలి. ఈఎస్‌ఐ 10 మంది, పీఎఫ్ 20 మంది ఉంటేనే కనుక ఆ బెంగ వద్దు.

కరెంటు బిల్లు కోసం ఓనరును బతిమాలనక్కర్లేదు. మీటరు మీద గానీ పాత బిల్లు మీద గానీ ఉండే యూనిక్ సర్వీస్ నంబరు కొడితే కరెంటు సరఫరా సంస్థ (డిస్కం) సైటులో బిల్లు వస్తుంది. ఆస్తి పన్ను నంబరు తెలిస్తే పన్ను రసీదూ అలాగే తీసుకోవచ్చు. ఓనరు సంతకం మాత్రం అద్దె ఒప్పందం మీద తప్పదు. 11 నెలలకు రాసుకుంటే దాన్ని రిజిస్టర్ చేయించనక్కర్లేదు. అందులో షాపు నంబరు, అంతస్తు, ఎన్ని చదరపు అడుగులో స్పష్టంగా రాయించండి. 'కింద ఉన్న మడిగె' అని రాసి ఊరుకుంటే ట్రేడ్ లైసెన్సు ఫీజు లెక్కలో పేచీ వస్తుంది.

ప్రశ్న: నేనూ నా స్నేహితుడూ చెరి 3 లక్షలు పెట్టి గ్రిల్స్, గేట్లు చేసే వెల్డింగ్ షెడ్డు పెట్టాం. భాగస్వామ్య ఒప్పందం (డీడ్) స్టాంపు పేపరు మీద రాసుకున్నాం. ఫర్మ్‌ను రిజిస్టర్ చేయించడం తప్పనిసరి కాదంటున్నారు. వదిలేయవచ్చా?
– పాఠకుడు, కాకినాడ

జవాబు: తప్పనిసరి కాదన్నది నిజమే, కానీ వదిలేయకండి బాబూ. 1932 భాగస్వామ్య చట్టం 69వ సెక్షన్ ప్రకారం రిజిస్టర్ కాని ఫర్మ్ తనకు రావలసిన బాకీ కోసం కోర్టులో దావా వేయలేదు. గేట్లు బిగించుకున్న బిల్డరు 2 లక్షలు ఎగ్గొడితే మీరు చూస్తూ కూర్చోవాలి. అతను మీ మీద వేయడానికి మాత్రం ఏ అడ్డూ లేదు. మీ ఇద్దరి మధ్య పేచీ వచ్చినా డీడ్ చూపించి ఒకరి మీద ఒకరు దావా వేయలేరు. ఫారం-1 నింపి ఇద్దరూ సంతకాలు చేసి, డీడ్‌తో రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్‌కు ఇవ్వాలి. మన రాష్ట్రాల్లో ఈ పని స్టాంపులు, రిజిస్ట్రేషన్ల శాఖ చూస్తుంది.

డీడ్‌ను ఒకసారి మళ్ళీ తీసి చదవండి. లాభం వాటా రాయకపోతే చట్టం సమానంగా పంచమంటుంది, షెడ్డులో పొద్దంతా నిలబడేది ఒక్కరే అయినా సరే. పనిచేసే భాగస్వామికి జీతం ఇవ్వాలనుకుంటే ఎంతో రాయాలి. 2025 ఏప్రిల్ నుంచి భాగస్వామికి ఇచ్చే జీతం, వడ్డీ ఏడాదికి 20 వేలు దాటితే ఫర్మ్ 10 శాతం టీడీఎస్ కోయాలి. ఇద్దరిలో ఒకరికి జరగరానిది జరిగితే ఫర్మ్ రద్దయిపోతుంది. ఇద్దరే ఉన్న చోట మిగిలిన ఒక్కరితో భాగస్వామ్యం సాగదు కనుక, అప్పుడు కుటుంబానికి లెక్క ఎన్నాళ్ళలో, ఏ పద్ధతిలో తేల్చాలో ఇప్పుడే రాసుకోండి. స్నేహితుల మధ్య ఈ మాట ఎత్తడం ఇబ్బందిగానే ఉంటుంది, అయినా ఎత్తండి. ఫర్మ్ అప్పులకు మీ ఇద్దరి సొంత ఆస్తులూ పూచీయే అన్నది గుర్తుంచుకోండి.

ఫర్మ్ పేరున పాన్ తీసుకున్నాకే ఉద్యమ్‌కు వెళ్ళండి. ఆధార్ మేనేజింగ్ పార్ట్‌నర్‌ది, పాన్ ఫర్మ్‌ది. తొందరలో సొంత పాన్ ఇచ్చేస్తే సర్టిఫికెట్ ఫర్మ్‌కు పనికిరాదు. గేటు చేసి అమ్మడమే కాక ఇంటికి వెళ్ళి గోడకు బిగించే కాంట్రాక్టులు, రిపేర్లు కూడా చేస్తారు కాబట్టి మీది కేవలం వస్తువుల వ్యాపారం కాదు. అప్పుడు 40 లక్షల పరిమితి వర్తించదు, 20 లక్షలకే జీఎస్టీ.

ఉద్యమ్‌తో మీకు ఇంకో రక్షణ ఉంది. సరుకు అందుకున్నవాడు రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో డబ్బివ్వాలి. దాటితే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ. చిన్న సంస్థలకు రావలసిన బాకీల కోసం ఉన్న ప్రభుత్వ పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు. ఉద్యమ్ సరుకు ఇవ్వక ముందే తీసుకుని ఉండాలి. బిల్లు మీద ఆ నంబరు అచ్చు వేయించండి.

ప్రశ్న: విస్తరాకుల మిషన్ కొని సబ్సిడీ లోను పెట్టుకుందామనుకుంటున్నాం. కొటేషన్ తీసుకున్నాం, అడ్వాన్సు కట్టమంటున్నారు.
– పాఠకురాలు, కరీంనగర్

జవాబు: కట్టకండమ్మా. సబ్సిడీ లోను ఇచ్చే ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం (పీఎంఈజీపీ) కొత్త యూనిట్లకే. మిషన్ కొని పని మొదలుపెట్టేస్తే మీది పాత యూనిట్ అవుతుంది. ఉద్యమ్‌లో ఇప్పటికే ప్రారంభ తేదీ వేసుకుని ఉంటే ఆ కాగితమే అందుకు సాక్ష్యం. కొటేషన్‌తో ప్రాజెక్టు రిపోర్టు తయారు చేయించి, పోర్టల్‌లో దరఖాస్తు పెట్టి, బ్యాంకు మంజూరు పత్రం వచ్చాకే కొనండి. మహిళలకు మొత్తం ప్రాజెక్టు ఖర్చులో పల్లెలో 35, పట్టణంలో 25 శాతం సబ్సిడీ, మీ వాటా 5 శాతం. తయారీ ప్రాజెక్టు 10 లక్షలు దాటితే ఎనిమిదో తరగతి పాసై ఉండాలి. సబ్సిడీ చేతికి రాదు, మూడేళ్ళు బ్యాంకులో డిపాజిట్‌గా ఉండి ఆ తర్వాత లోనులో సర్దుబాటవుతుంది. కాబట్టి మొదటి ఏడాది కిస్తీ మొత్తం లోను మీద లెక్క వేసుకోండి. జిల్లా పరిశ్రమల కేంద్రానికి ముందే ఒకసారి వెళ్ళి రండి.

ప్రశ్న: నెల్లూరులో మా తమ్ముడు సొంతంగా పిండి మిల్లు నడుపుతున్నాడు. నేను డబ్బు పెట్టవచ్చా?
– పాఠకుడు, డాలస్

జవాబు: పెట్టవచ్చు. ఎన్నారైలు, ఓసీఐ కార్డున్న (భారత సంతతి విదేశీ పౌరులైన) వాళ్ళు ఇక్కడి ప్రొప్రైటరీ సంస్థలోనూ, భాగస్వామ్య ఫర్మ్‌లోనూ మూలధనం పెట్టడానికి విదేశీ మారక చట్టం (ఫెమా) నిబంధనలు ఒప్పుకుంటాయి. వ్యవసాయం, రియల్ ఎస్టేట్ వ్యాపారం, పత్రికా రంగం మాత్రం కాదు. షరతు ఏమిటంటే ఈ పెట్టుబడి నాన్-రిపాట్రియేషన్ పద్ధతిలోనే, అంటే నేరుగా విదేశానికి తిరిగి పంపే వీలు లేకుండా, ఉండాలి. వెనక్కి తీసుకున్న అసలు ఇక్కడి బ్యాంకులో మీకున్న ఎన్నారో (ఎన్‌ఆర్‌ఓ) ఖాతాలోకే వస్తుంది. డబ్బు బ్యాంకు ద్వారా, లేదా మీ ఎన్‌ఆర్‌ఈ, ఎన్నారో ఖాతా నుంచి రావాలి. మీకు వాటా కావాలంటే ప్రొప్రైటరీలో కుదరదు, భాగస్వామ్య డీడ్ రాసుకుని రిజిస్టర్ చేయించండి. వాటా అక్కర్లేదు, తమ్ముడికి సాయం చేస్తే చాలనుకుంటే బహుమతిగా పంపండి. అన్న ఇచ్చినదాని మీద తమ్ముడికి ఇక్కడ ఆదాయపు పన్ను లేదు. ఒక చిన్న గిఫ్ట్ లెటరు రాసి పెట్టుకోండి.

ప్రశ్న: జీఎస్టీ నంబరు తీసుకుని ఏడాదైంది. వ్యాపారం జరగలేదు, రిటర్నులు వేయలేదు. ఇప్పుడేం చేయాలి?
– పాఠకుడు, అనంతపురం

జవాబు: అమ్మకం లేకపోయినా నిల్ రిటర్ను వేయాల్సిందే. జీఎస్టీఆర్-3బీ అనే రిటర్ను నిల్ అయితే ఆలస్య రుసుము రోజుకు 20 రూపాయలు, ఒక్కో రిటర్నుకు 500 దాటదు. ముందు పోర్టల్‌లో మీ నంబరు స్థితి చూడండి. ఆరు నెలలు వరసగా రిటర్నులు లేకపోతే అధికారి రద్దు చేసి ఉండవచ్చు. రద్దయి ఉండి వ్యాపారం మళ్ళీ చేయాలనుకుంటే, ఆర్డరు తేదీ నుంచి 90 రోజుల్లోగా బకాయి రిటర్నులన్నీ వేసి రెగ్-21లో పునరుద్ధరణ కోరండి. నంబరు ఇంకా బతికే ఉండి మీకు అక్కర్లేదనుకుంటే, బకాయిలు తీర్చి రెగ్-16లో రద్దుకు పెట్టండి. ఎలా రద్దయినా సరే, ఆర్డరు వచ్చిన మూడు నెలల్లోగా జీఎస్టీఆర్-10 అనే చివరి రిటర్ను ఒకటి ఉంటుంది. నంబరు పోయిందిగా అని చాలామంది దాన్ని వదిలేస్తారు, తర్వాత నోటీసు వచ్చేది దాని గురించే.